పదకొండు దాటితే ఏమీ దొరకని కల్లు మండువా

హనుమకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకుని ఆత్మకూరు దాటాక, మట్టిదారిలో ఓ కిలోమీటరు లోపలికి పోతే వస్తుంది ఈ మండువా, అంటే చెట్ల కిందే కల్లు పోసే తాటివనం. బోర్డు లేదు, పేరు లేదు, మ్యాప్‌లో వెతికితే దొరకదు. పొద్దున ఏడింటికి నాలుగు బండ్లు ఆగిన చోట మీరూ ఆపుకోవడమే. నేను 2020 ఎండాకాలం నుంచి పోతున్నా, కాబట్టి ఒక్కరోజు తాగొచ్చి రాస్తున్న రివ్యూ కాదిది, కొంచెం పొడుగైతే ఏమనుకోవద్దు.

ముందు కల్లు సంగతి. ఇక్కడంతా తాటికల్లే, ఈతకల్లు లేదు. కల్లు గీసే గౌడన్న చెట్టు దిగి లొట్టి (కల్లు కుండ) కింద పెట్టగానే పోయించుకుంటే తియ్యగా ఉంటుంది, పైన నురగ, ఒకటి రెండు తేనెటీగలు కూడా తేలుతుంటాయి (ఊదేసి తాగడమే). ఎనిమిదిన్నర అయ్యేసరికి పులుపు అందుకుంటుంది, నాకు ఆ టైమే ఇష్టం. చెట్టు మీద లొట్టిలో పడుతుండగానే పులియడం మొదలవుతుంది, కొన్ని గంటల్లో ఆల్కహాల్ నాలుగైదు శాతం దాకా పోతుంది, ఆ తర్వాత మత్తు పెరగదు, పులుపే పెరుగుతుంది. సాయంత్రానికి మీరు ఇంటికి తెచ్చుకున్న బాటిల్ మూత తీస్తే వచ్చేది కల్లు వాసన కాదు, వెనిగర్ వాసన. లీటరు 80 రూపాయలు తీసుకుంటున్నాడు, ఎండాకాలం గిరాకీ ఉన్నప్పుడు వంద.

నంజుకోవడానికి పక్కనే ఒక ముసలవ్వ గంపలో గుడాలు (ఉడికించిన గింజలు), ఉడకబెట్టిన గుడ్లు తెస్తుంది. ఆదివారం సర్వపిండి కూడా. సర్వపిండి కోసమే పోయిన రోజులున్నాయి, అబద్ధమెందుకు.

అసలు నేను కల్లు మనిషిని కాను. 2020 దాకా నా లెక్క చాలా సింపుల్: శనివారం సాయంత్రం, హనుమకొండలో ఒక వైన్స్, దాని పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూం, ఇద్దరు దోస్తులు, తలా ఒక క్వార్టర్, పల్లీలు, తొమ్మిదిన్నరకు ఇల్లు. మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ అన్నారు, ఒక్కరోజే కదా అనుకున్నాం, ఆరోజు పడిన షట్టర్ ఆరు వారాలు లేవలేదు. నాకేమీ కాలేదు, ఊరికే చిరాకు. కానీ మా గల్లీలో ఒక పెద్దమనిషి ఉండేవాడు, రోజూ పొద్దున లేవగానే నైంటీ పడాల్సిందే. సోమవారం చేతులు వణికాయి, బుధవారం ఉగాది, ఆ సాయంత్రం గోడ మీద చీమలు పాకుతున్నాయని చేతులతో దులుపుతూ అరుస్తుంటే ఇంట్లోవాళ్లు దయ్యం పట్టిందని నిమ్మకాయలు తిప్పారు. చివరికి 108 పిలిచారు, బతికాడు. రోజూ తాగే ఒంటికి మందు ఒక్కసారిగా ఆపేస్తే మొదటిరోజే వణుకు, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య ఈ లేనిపోనివి కనిపించడం, ప్రాణం కూడా పోవచ్చు అని అప్పుడే తెలిసింది మాకు. ఆ వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటి కేసులు వరసగా వచ్చాయని పేపర్లో చదివాం. కేరళలోనైతే డాక్టర్ చీటీ ఉంటే మందు ఇస్తామని ప్రభుత్వమే ఆర్డర్ ఇచ్చింది, హైకోర్టు ఆపేసింది. ఇవేమీ తెలియని మనం మాత్రం, మందు తాగితే వైరస్ చస్తుందట అని ఫోన్లలో ఒకరికొకరం పంపుకున్నాం! ఆ జూలై చివర్లో ఆంధ్రాలో ప్రకాశం జిల్లా కురిచేడులో, వైన్సులు మళ్లీ మూతపడి మందు దొరక్క, శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు.

మన తెలంగాణలో మే 6న వైన్సులు తెరిచారు. రేట్లు సగటున 16 శాతం పెంచారు, చీప్ లిక్కర్ మీద 11 శాతం. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు వరకు, మాస్క్ లేకుంటే మందు లేదు, సున్నపు గీతల్లో నిలబడాలి. నేనూ నిలబడ్డాను రెండు గంటలు, నా ముందు మా పిల్లలకు లెక్కలు చెప్పే సారు, ఇద్దరం ఒకరినొకరం గుర్తుపట్టనట్టే ఉన్నాం, మాస్కులు ఆ విషయంలో బాగా పనికొచ్చాయి. ఒక క్వార్టర్ కొనుక్కుందామని పోయి, మళ్లీ మూస్తారేమోనన్న టెన్షన్‌లో నాలుగు ఫుల్లు తెచ్చుకున్నా. నా జీవితంలో ఇంట్లో ఫుల్ బాటిల్ పెట్టుకోవడం అదే మొదలు. పర్మిట్ రూములు తెరవనివ్వలేదు కాబట్టి తాగడం కూడా ఇంట్లోనే, మేడ మీద, ఒక్కడినే.

పర్మిట్ రూంలో ఈగలు, కంపు, విరిగిన కుర్చీలు అన్నీ నిజమే. కానీ అక్కడ పది కాకముందే బాయ్ వచ్చి లైట్ ఆర్పేవాడు, జేబులో డబ్బులు అయిపోయేవి, దోస్త్ 'ఇగ లేద్దాం పా' అనేవాడు. మేడ మీద ఇవేవీ లేవు. శనివారం కాస్తా బుధవారం, శనివారం అయింది, తర్వాత రోజు విడిచి రోజు, క్వార్టర్ ఎప్పుడు దాటుతున్నానో నాకే తెలిసేది కాదు. 2021 మేలో రెండో లాక్‌డౌన్ పెట్టి పొద్దున ఆరు నుంచి పదింటి వరకే షాపులన్నప్పుడు వైన్సులూ ఆ టైముకే తెరిచారు, పాలప్యాకెట్టూ క్వార్టరూ ఒకే సంచిలో తెచ్చుకున్నవాళ్లలో నేనొకడిని. ఒకరోజు పాత సామాన్ల అతనికి సీసాలు వేస్తుంటే 'ఇవన్నీ ఒక్క ఇంటియేనా అక్కా?' అని మా ఆవిడను అడిగాడట. ఆమె నాతో ఏమీ అనలేదు, ఈ ప్రశ్న మాత్రం అన్నం పెడుతూ చెప్పింది.

ఇంతకీ మండువా. మొదటిసారి తీసుకుపోయింది మా బావమరిది, 2020 ఏప్రిల్‌లో, అంతా మూసి ఉన్నప్పుడు. ఊళ్లవాళ్లు దారికి ముళ్లకంప అడ్డం వేసుకున్నారు, అతనిది ఆ పక్క ఊరే కాబట్టి పోనిచ్చారు. ఇప్పుడు కూడా ఎక్కుతున్నావా గౌడన్నా అంటే, గీత ఆపితే చెట్టు ఊకుంటదా సారూ, ఆపితే ఎండిపోతది అన్నాడు. నిజమే, రోజూ పొద్దునా సాయంత్రం గెల కొన చెక్కకపోతే కల్లు కారడం ఆగిపోతుంది. అంతకుముందు అందరూ ఒకే ప్లాస్టిక్ మగ్గుతో ముంచుకు తాగేవాళ్లట, కరోనా వచ్చాక ఆ మగ్గు తీసేశాడు. ఎవరి స్టీలు గ్లాసు వాళ్లు తెచ్చుకోవాలి, లేకపోతే తాటాకు రేక మడిచి ఇస్తాడు, దోసిట్లో పట్టినట్టు పట్టుకుంటే పైనుంచి పోస్తాడు. తాతల నాటి పద్ధతే, తాగి పారేయడమే, ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటదు. కరోనా పోయినా రేక పోలేదు, అది ఈ మండువాలో నాకు బాగా నచ్చిన మార్పు.

అయితే అప్పట్లో ఇది నాకు వైన్స్ లేనప్పటి అవసరం మాత్రమే. వారం వారం రావడం 2023లో, 14416కు ఫోన్ చేశాక మొదలైంది. టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ అది, ఫ్రీ, తెలుగులో మాట్లాడారు. పొద్దున చేతులు వణుకుతాయా అని ముందు అదే అడిగారు, వణికేవాళ్లు డాక్టర్ లేకుండా ఒక్కసారి ఆపొద్దన్నారు, నాకు అంత లేదని తేలాక ఇంట్లో స్టాక్ పెట్టుకోవద్దు, తాగినప్పుడల్లా రాసుకో అన్నారు. రాసుకుంటే నాకే సిగ్గేసింది. మేడ ఖాళీ చేశాను. కల్లు మందు కిందికి రాదని, ఒంటికి మంచిదని నేను అనట్లేదు, ఆల్కహాల్ ఆల్కహాలే. కానీ ఇక్కడికి రావాలంటే పొద్దున్నే లేవాలి, పదిమంది ముందు తాగాలి, పదకొండుకు అయిపోతుంది, దాచుకుంటే పాడవుతుంది. నాలాంటివాడికి ఆ గొళ్లెం బయటి నుంచే పడాలి. రోజూ తాగే అలవాటున్నవాళ్లు మాత్రం నన్ను చూసి వాత పెట్టుకోవద్దు.

బాగాలేనివి చెప్తా. నీడ తక్కువ, మార్చి నుంచి తొమ్మిదింటికే మాడు కాలుతుంది. బాత్రూం లేదు. ఆడవాళ్లు కూర్చోవడానికి చోటే లేదు, అడిగితే నవ్వుతారు, అది నాకు నచ్చదు. ప్లాస్టిక్ సీసాల కుప్ప ఏడాదికేడాది పెరుగుతోంది. లొట్ల మూతికి జాలీ కట్టమని నాలుగుసార్లు చెప్పాను, సగం చెట్లకే కట్టాడు. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు ముట్టిన పచ్చి ఈత నీరా తాగినవాళ్లకు నిఫా వైరస్ సోకింది, గబ్బిలాలు మనకూ ఉన్నాయి కదా. ఇంకొకటి, మీరు బండి మీద వచ్చి తాగి బండి మీదే పోతామంటే రావొద్దు. బ్రీత్ ఎనలైజర్‌కు కల్లూ విస్కీ ఒకటే, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. నేను తాగని మేనల్లుడిని వెంటపెట్టుకొస్తా, వాడికి గుడ్లు, సర్వపిండి ఫ్రీ.

మెయిన్ రోడ్డు మీదే సీసాల్లో దొరుకుతుంది కదా ఇంతదూరం ఎందుకంటారా, అది పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే తియ్యగా ఉంటే అనుమానించాల్సిందే. డైజీపామ్, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపే దందా మన దగ్గర ఏళ్లుగా ఉంది, 2025 జూలైలో కూకట్‌పల్లి వైపు అలాంటిది తాగి మనుషులు చనిపోయారు. లాక్‌డౌన్‌లో అది దొరక్క వణికినవాళ్లు, మందు దొరక్క వణికినవాళ్లకు తక్కువేం కాదు.

ఐదుకు నాలుగు ఇస్తా, ఒకటి నీడకూ జాలీకీ కోత. మొన్న ఆదివారం చుట్టాలొస్తున్నారని అయిదు లీటర్లు పార్శిల్ అడిగా. రెండే పోశాడు. "ఇది దాసుకునే సరుకు గాదు సారూ, తక్కువైతే రేపు పొద్దుగాల రా" అన్నాడు.