భోపాల్ గ్యాస్ బాధితుల మ్యూజియం: ఒక పూట కేటాయించి చూడవలసిన చోటు

భోపాల్ వెళ్ళినవారు పెద్ద చెరువు, సాంచీ స్తూపం, భీంబేట్కా గుహలు చూసి తిరిగి వచ్చేస్తారు. మేము మాత్రం ఒక పూటను కరోంద్ ప్రాంతంలోని హౌసింగ్ బోర్డు కాలనీకి కేటాయించి, అక్కడి ‘రిమెంబర్ భోపాల్’ మ్యూజియం చూశాము. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుంచి వెలువడిన విషవాయువుకు తమవారిని పోగొట్టుకున్న కుటుంబాలు, వారితో కలిసి పోరాడిన సంఘాలు, సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, 2014 డిసెంబరు 2న దీనిని తెరిచాయి. ప్రభుత్వం నుంచి గాని, కంపెనీల నుంచి గాని డబ్బు తీసుకోకూడదన్నది వారి నియమం. ఎవరిని జవాబు అడుగుతున్నారో వారి సొమ్ముతోనే స్మారకం కట్టుకోవడం వారికి సమ్మతం కాలేదు.

ఇది చిన్న మ్యూజియం. చనిపోయినవారి బట్టలు, ఫొటోలు, రోజూ వాడుకున్న వస్తువులు ఇక్కడ ఉన్నాయి. వాటిని ఇన్నేళ్ళు దాచి, చివరికి ఇక్కడికి ఇచ్చినవారి మాటలను వారి గొంతులోనే వినవచ్చు. ఆ మాటలు హిందీలో ఉంటాయి. మా ఆవిడ హైదరాబాదు పాతబస్తీలో పెరిగింది కనుక ఆమెకు ఒక్క మాట కూడా జారిపోలేదు. నేను మాత్రం కొన్నింటిని రెండేసిసార్లు విన్నాను, అలా వినడమే మంచిదయింది. మొదటిసారి సంగతి తెలుస్తుంది, రెండోసారి చెబుతున్న మనిషి ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

వెళ్ళేముందు కొంత చదువుకోవడం అవసరం. కర్మాగారంలోని 610వ నంబరు ట్యాంకులో దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ అనే విషరసాయనం ఉండగా, దానిని చల్లగా ఉంచవలసిన యంత్రాన్ని నెలల ముందే ఆపేశారని, బయటకు వచ్చే వాయువును మండించే గొట్టం ఆ రాత్రి పనిచేసే స్థితిలో లేదని తెలిసి చూస్తే, అక్కడి వస్తువులు కేవలం దుఃఖాన్ని గుర్తుచేసేవిగా కాక సాక్ష్యాలుగా కనబడతాయి. 1989లో 47 కోట్ల డాలర్ల పరిహారానికి కంపెనీకి, భారత ప్రభుత్వానికి మధ్య ఒప్పందం కుదిరింది. 2010 జూన్ 7న కంపెనీకి చెందిన ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ళ శిక్ష వేసి, వెంటనే బెయిలు ఇచ్చారు. కంపెనీ అధిపతి వారెన్ ఆండర్సన్ ఇక్కడి కోర్టులో విచారణకు నిలబడకుండానే 2014లో చనిపోయాడు. అదనపు పరిహారం కోరిన పిటిషన్‌ను 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ఇన్ని తలుపులు మూసుకున్నా, ‘భోపాల్ ఆడవాళ్ళం, పువ్వులం కాదు నిప్పురవ్వలం’ అంటూ ఢిల్లీ దాకా కాలినడకన వెళ్ళిన ఆ స్త్రీల ఓర్పు నన్ను అన్నిటికంటె ఎక్కువగా కదిలించింది.

నేను విశాఖవాసిని. 2020 మే 7 తెల్లవారుజామున మా ఊరి ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ అనే రసాయనపు ఆవిరికి 12 మంది చనిపోయారు. చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల చొప్పున పరిహారం ఇచ్చింది. పరిహారం అవసరమే, కాని అది అందాక ఊరు మరిచిపోవడం మొదలవుతుంది. ఆ ఇళ్ళలో మిగిలిన చెప్పులను, పుస్తకాలను పారవేయవద్దని, చూసినదంతా ఎవరితోనైనా రికార్డు చేయించమని అక్కడివారికి చెప్పాలని మ్యూజియంలో ఉన్నంతసేపూ అనిపించింది.

కనీసం రెండు గంటలు పెట్టుకోండి. పదేళ్ళలోపు పిల్లలను తీసుకువెళ్ళవద్దని నా సలహా. అక్కడి నుంచి పాత కర్మాగారం వైపు వెళ్తే, 1985లో డచ్ శిల్పి రూత్ వాటర్‌మన్ చేసిన తల్లీబిడ్డల విగ్రహం కూడా చూడవచ్చు. ఏటా డిసెంబరు 2, 3 తేదీలలో బాధితులు ఊరేగింపులు చేస్తారు. వీలుంటే ప్రయాణాన్ని ఆ రోజులకే పెట్టుకుని, వారితో పాటు నాలుగడుగులు నడవండి.