అర్ధరాత్రి డౌన్‌టైమ్ పెట్టడానికి ఏది మేలు: నాగియోస్ పైపా, ఐసింగా ఏపీఐనా, జాబిక్సా?

రాత్రి ఒంటిగంటకు ఒక స్విచ్చి మార్చాలి. దాని వెనక నలభై సర్వర్లున్నాయి. రెండు గంటలపాటు వాటి గురించి ఎవరి ఫోనూ మోగకూడదు. అలా కొంతసేపు అలర్టులు ఆపమని ముందే చెప్పి ఉంచడమే డౌన్‌టైమ్ పెట్టడం. సర్వర్లను కనిపెట్టుకుని ఉండి, ఏదైనా పడిపోతే కబురు పంపే మానిటరింగ్ సర్వర్ వెబ్ పేజీ తెరిచి ఒక్కొక్క హోస్టు (అది కనిపెట్టే యంత్రం) మీదా నొక్కుకుంటూ పోతే ఎంతసేపు పడుతుందో చేసినవారికే తెలుసు. పైగా మనం పీకబోయే స్విచ్చి గుండానే ఆ పేజీ వస్తూ ఉంటే, పని మధ్యలో అదీ పోతుంది. అందుకే ఇలాంటివన్నీ కమాండ్ లైన్ నుంచి, అంటే ఆజ్ఞలు టైపు చేసి, చేయడం నాకు అలవాటు. చాలా ఏళ్లు నాగియోస్‌తో, ఆ తర్వాత ఐసింగా 2తో, జాబిక్స్‌తో పనిచేశాను. మూడూ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లే. ఈ ఒక్క పనినే మూడింటిలోనూ పక్కపక్కన పెట్టి చూస్తాను. గ్రాఫులు, డ్యాష్‌బోర్డులు, టెంప్లేట్ల సంగతి ఇక్కడ ఎత్తను. నాకు కావలసింది ఒక్కటే: నేను చెప్పిన మాట విందో లేదో ఆ సర్వర్ తిరిగి చెబుతుందా?

ముందు నాగియోస్. ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. 2002లో నాగియోస్ అయింది. దీనికి ఆజ్ఞ ఇవ్వాలంటే డిస్కు మీద ఒక పైపు ఉంటుంది. చూడటానికి ఫైలులాగే ఉంటుంది గాని, అందులో రాసింది నిలవ ఉండదు. అవతల నాగియోస్ చదివేసుకుంటుంది. మనం రాయాల్సింది ఒకే ఒక్క వరుస. మొదట చదరపు బ్రాకెట్లలో ఇప్పటి సమయం, అదీ 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో. తర్వాత కమాండు పేరు. ఆ తర్వాత సెమికోలన్లతో విడదీసిన వివరాలు. హోస్టుకు డౌన్‌టైమ్ పెట్టే కమాండుకు అలాంటి వివరాలు ఎనిమిది: హోస్టు పేరు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం, కచ్చితమైన గడువా కాదా, ఏ డౌన్‌టైమ్‌కైనా ముడిపడి ఉందా, ఎన్ని సెకన్లు, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు. ఈ వరుస తప్పకూడదు.

ఈ పద్ధతి మీద నాకు ఇప్పటికీ గౌరవమే. పాస్‌వర్డ్ అక్కర్లేదు, సర్టిఫికెట్ అక్కర్లేదు, పోర్టు తెరవక్కర్లేదు. సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లగలిగితే చాలు. ఏ షెల్ (మనం టైపు చేసిన ఆజ్ఞల్ని నడిపే ప్రోగ్రాము) నుంచైనా, ఏ క్రాన్ జాబ్ (నిర్ణీత వేళకు తనంతట తానే నడిచే పని) నుంచైనా ఒక వరుస రాస్తే పని అయిపోతుంది. రెండు స్క్రిప్టులు ఒకేసారి రాసినా వరుసలు కలిసిపోవు: లైనక్స్‌లో 4096 బైట్ల లోపు ఒకే విడతలో పైపులోకి రాసింది ముక్కలు కాదని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెలే హామీ ఇస్తుంది. డౌన్‌టైమ్ ఒక్కటే కాదు, అలర్ట్‌కు అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టడం, నోటిఫికేషన్లు ఆపడం, వెంటనే చెక్ చేయించడం, బయటి నుంచి చెక్ ఫలితం పంపడం వంటి కమాండ్లు వందకు పైగా ఉన్నాయి.

అయితే ఈ పైపు ఒకవైపే ప్రవహిస్తుంది. మనం రాస్తాం, అది చదువుతుంది, అంతే. ఒక రాత్రి నేను హోస్టు పేరులో పెద్ద అక్షరం ఉండాల్సిన చోట చిన్న అక్షరం కొట్టాను. నాగియోస్‌కు ఆ రెండూ వేరు వేరు పేర్లు. షెల్ ఏమీ అనలేదు. పైపులోకి వరుస వెళ్లిందా లేదా అన్నంత వరకే దానికి తెలుసు, వెళ్లింది. ప్రాంప్ట్ ప్రశాంతంగా తిరిగి వచ్చింది. డౌన్‌టైమ్ పడిందన్న నమ్మకంతో కేబుళ్లు పీకాను. పది నిమిషాలకు మా బృందంలో నలుగురి ఫోన్లు మోగాయి. తప్పు నాదే. కాని నిద్రమత్తులో ఉన్న మనిషి తప్పు చేస్తాడు. ఆ తప్పును అక్కడికక్కడే చూపించే వీలు ఈ పద్ధతిలో లేదు. లాగ్ ఫైలు తెరిచి వెతుక్కుంటేనే తెలుస్తుంది.

ఇంకో ప్రమాదం దీనికంటే లోతైనది. నాగియోస్‌ను ఆపినప్పుడు ఆ పైపు కూడా మాయమవుతుంది. సరిగ్గా అదే సమయంలో ఏదో క్రాన్ స్క్రిప్టు పాత దారిలోనే వరుస రాసిందనుకోండి. షెల్ ఆ పేరుతో మామూలు ఫైలు ఒకటి సృష్టించేస్తుంది. తర్వాత నాగియోస్‌ను మొదలుపెట్టబోతే, పైపు పెట్టాల్సిన చోట ఏదో ఫైలు ఉందంటూ మొరాయిస్తుంది. ఆ ఫైలును చేత్తో తీసేస్తే తప్ప లేవదు. అవతల చదివేవారు లేకుండా పైపు మాత్రం మిగిలి ఉంటే ఇంకో తంటా: రాయబోయిన స్క్రిప్టు అక్కడే నిలిచిపోతుంది, కదలదు. భద్రత విషయానికి వస్తే, ఆ పైపులో రాయగలిగిన ఎవరైనా అన్నీ చేయగలరు, నాగియోస్‌ను మొత్తంగా ఆపేయడంతో సహా. డౌన్‌టైమ్ మాత్రమే పెట్టనిచ్చే ఏర్పాటు అందులో లేదు.

ఐసింగా 2009లో నాగియోస్ నుంచే విడిపోయింది. ఐసింగా 2ను మాత్రం కొత్తగా రాశారు. అది 2014లో వచ్చింది. మరుసటి ఏడాది 2.4 వెర్షన్‌తో ఏపీఐ (బయటి ప్రోగ్రాములు దానితో మాట్లాడే ద్వారం) వచ్చింది. ఇది 5665 పోర్టులో ఎన్‌క్రిప్షన్‌తో వింటుంది. ఏపీఐ సెటప్ కమాండు ఒక్కసారి నడిపితే సర్టిఫికెట్లు, ఒక యూజరు, దానికొక పాస్‌వర్డ్ తయారవుతాయి. ఆ తర్వాత వెబ్ అభ్యర్థనలు పంపే కర్ల్ అనే కమాండుతో మాట్లాడవచ్చు.

నాకు దీని మీద మనసు నిలిచింది ఫిల్టర్ల వల్ల. నలభై హోస్టులకు నలభై వరుసలు రాయక్కర్లేదు. ఫలానా గ్రూపులో ఉన్నవన్నీ, లేదా ఫలానా అక్షరాలతో మొదలయ్యే పేర్లన్నీ అని ఒక్క మాట చెబితే చాలు. వాటి సర్వీసులకు కూడా వర్తించాలని అదే అభ్యర్థనలో అడగవచ్చు. జవాబు ప్రతి హోస్టుకూ విడివిడిగా వస్తుంది: 200 అన్న అంకె, డౌన్‌టైమ్ పడిందన్న మాట, ఆ డౌన్‌టైమ్‌కు పెట్టిన పేరు. పేరు తప్పు కొడితే 404, అలాంటిదేమీ లేదని. ఆ రాత్రి నాకు కావలసింది సరిగ్గా ఆ మూడంకెలే. స్క్రిప్టులో జవాబుల్ని లెక్కపెట్టి, నలభై రాకపోతే అక్కడితో ఆగిపొమ్మని రాయవచ్చు.

అధికారాల విభజన కూడా చక్కగా ఉంటుంది. రాత్రి డ్యూటీ చేసేవారికి డౌన్‌టైమ్ పెట్టే, తీసే హక్కు మాత్రమే ఇచ్చిన యూజరును తయారుచేసి ఇవ్వవచ్చు. వారికి కనిపించే హోస్టుల్ని కూడా ఫిల్టరుతో పరిమితం చేయవచ్చు.

జాగ్రత్తలు రెండు. ఫిల్టరు రాయడం మరిచిపోయి హోస్టులు అని మాత్రమే చెబితే అన్ని హోస్టులకూ డౌన్‌టైమ్ పడుతుంది. అందుకని అదే ఫిల్టరుతో ముందు హోస్టుల జాబితా అడిగి కళ్లతో చూసుకోవాలి. రెండోది, సర్టిఫికెట్ పరీక్షను దాటవేసే కర్ల్ ఐచ్ఛికం. ఉదాహరణల్లో అది ఉంటుంది, అందరూ అలాగే దించుకుంటారు. ఐసింగా సొంత సీఏ (మిగతా సర్టిఫికెట్లను జారీచేసేది) సర్టిఫికెట్ సర్వర్‌లోనే ఉంది. దాని దారి చూపించడానికి పది సెకన్లు పట్టదు. పాస్‌వర్డ్‌ను కమాండులోనే కొడితే షెల్ హిస్టరీలో ఉండిపోతుంది కాబట్టి మనం ఒక్కరమే చదవగలిగే ఫైలులో పెట్టి, కర్ల్‌ను అక్కడి నుంచి తీసుకోమనాలి.

ఇక జాబిక్స్. లాట్వియాకు చెందిన అలెక్సీ వ్లాదిషెవ్ సృష్టి, 2001లో బయటికి వచ్చింది. దీని నిర్మాణమే వేరు: అంతా డేటాబేసులో ఉంటుంది. కమాండ్ లైన్ నుంచి దీనికి రెండు ద్వారాలున్నాయి, కొత్తవారు తికమకపడేది అక్కడే. మొదటిది సర్వర్ ప్రోగ్రాముకే ఇచ్చే రన్‌టైమ్ కమాండ్లు: కాన్ఫిగరేషన్ మళ్లీ చదువు, లాగ్ వివరాలు పెంచు, పాత డేటా శుభ్రం చెయ్యి, లోపలి స్థితి లాగ్‌లో రాయి. సర్వర్‌కు జబ్బు చేసినప్పుడు ఇవి ఎంతో మేలు. ఆపకుండానే ఒక్క ప్రాసెస్‌కు లాగ్ స్థాయి పెంచగలగడం మిగతా రెండింటిలోనూ నేను చూడని సౌకర్యం. కాని హోస్టుకు డౌన్‌టైమ్ పెట్టడం వీటితో కుదరదు.

అందుకు రెండో ద్వారం, జేసన్ ఏపీఐ. హోస్టు పేరు నేరుగా చెబితే వినదు; ముందు పేరు ఇచ్చి దాని ఐడీ సంఖ్య తెచ్చుకోవాలి, తర్వాత ఆ సంఖ్యతో మెయింటెనెన్స్ (డౌన్‌టైమ్‌కు జాబిక్స్‌లో పేరు) తయారుచేయాలి. 5.4 నుంచి టోకెన్లు (పాస్‌వర్డ్‌కు బదులు పంపే గుర్తు) వచ్చాయి కాబట్టి ప్రతిసారీ లాగిన్ కావాల్సిన బాధ తప్పింది. విజయవంతమైతే మెయింటెనెన్స్ ఐడీ జవాబుగా వస్తుంది.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. ఆ జవాబు ఇచ్చింది ఎవరు? పీహెచ్‌పీలో రాసిన వెబ్ భాగం. అది డేటాబేసులో రాసి, సరే అంది. అలర్టులు పంపే సర్వర్ ఆ మార్పును తన కాష్‌లోకి (మెమరీలో ఉంచుకునే నకలు) తెచ్చుకునేది ఆ తర్వాత. 6.4కు ముందు మామూలుగా 60 సెకన్లకు ఒకసారి, 6.4 నుంచి 10 సెకన్లకు ఒకసారి. సరే అన్న మాట విని వెంటనే కేబుల్ పీకితే, ఆ మధ్యలో అలర్ట్ వెళ్లిపోవచ్చు. కాబట్టి మెయింటెనెన్స్‌ను అయిదు నిమిషాల ముందే మొదలయ్యేలా పెట్టి, కాన్ఫిగరేషన్ మళ్లీ చదవమని రన్‌టైమ్ కమాండు ఇవ్వడం నా పద్ధతి. ఇంకొకటి: వెబ్ భాగం పడిపోతే ఏపీఐ కూడా పోయినట్టే. నాగియోస్ పైపు, ఐసింగా ఏపీఐ అసలు ప్రోగ్రాములోనే ఉంటాయి కాబట్టి ఆ బెడద లేదు.

పని ముందే ముగిసినప్పుడు ఈ తేడాలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రెండు గంటలనుకున్నది నలభై నిమిషాల్లో అయిపోతే డౌన్‌టైమ్‌ను తీసేయాలి. లేకపోతే మిగిలిన ఎనభై నిమిషాల్లో నిజంగా ఏదైనా పడిపోయినా ఎవరికీ కబురు రాదు. ఐసింగా డౌన్‌టైమ్ పేరును జవాబులోనే ఇచ్చింది, దాన్నే తిప్పి పంపితే చాలు. జాబిక్స్ ఐడీ ఇచ్చింది, దానితో తీసేయవచ్చు. నాగియోస్‌లో ఒక డౌన్‌టైమ్‌ను తీసే మామూలు కమాండుకు దాని సంఖ్య కావాలి. అది మనకెవరూ చెప్పలేదు. నాగియోస్ తన ప్రస్తుత స్థితి రాసుకునే స్టేటస్ ఫైలులో వెతుక్కోవాలి.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారికి, కమాండ్ లైన్ నుంచే ఎక్కువ పని చేసేవారికి నా ఓటు ఐసింగాకే. ఇప్పటికే జాబిక్స్ ఉన్నవారు దీనికోసం దాన్ని వదలక్కర్లేదు. ఐడీ తెచ్చే పని, కాష్ చదివించే పని కలిపి ఒక స్క్రిప్టు రాసుకుంటే సరిపోతుంది. పది, పాతిక హోస్టులున్న చిన్న ఆఫీసులో ఏళ్లుగా నడుస్తున్న నాగియోస్‌ను కూడా నేను కదిలించను. అయితే పైపులో నేరుగా చేత్తో రాయడం మాత్రం ఇవాళే మానేయండి. చిన్న స్క్రిప్టు ఒకటి రాసుకోండి. ఆ దారిలో ఉన్నది నిజంగా పైపేనా అని అది ముందు చూడాలి. హోస్టు పేరు స్టేటస్ ఫైలులో అక్షరం పొల్లుపోకుండా ఉందా అని చూడాలి. అప్పుడు వరుస రాసి, ఇరవై సెకన్లు ఆగి, ఆ ఫైలులోనే డౌన్‌టైమ్ పడిందా అని వెతికి, దాని సంఖ్యను తెర మీద చూపించాలి. నా పాత నాగియోస్ సర్వర్‌లో ఇప్పటికీ అదే నడుస్తోంది. ఆ సంఖ్య కనిపించాకే కేబుల్ మీద చెయ్యి వేస్తాను.