ఊరెళ్తే ఇంటికి ఏది కాపలా: సొంత కెమెరా, పోలీసు కెమెరా, మనిషి?

ధనుర్మాసం మొదలైతే చాలు, నెల్లూరు నుంచీ ఒంగోలు నుంచీ పాఠకులు అడిగేది ఇదే. పండక్కి వారం రోజులు ఊరెళ్తున్నాం, సీసీ కెమెరా పెట్టించుకుంటే సరిపోతుందా, తాళం వేసిన ఇళ్లను కనిపెట్టుకునే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్‌కు (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) చెప్పుకోవాలా, ఎవరినైనా ఇంట్లో పడుకోమనాలా?

కెమెరాలో బొమ్మ ఎంత స్పష్టంగా పడుతుందన్నది నా లెక్కలో చిన్న విషయం. దొంగ లోపల అడుగుపెట్టిన సంగతి ముందుగా ఎవరికి తెలుస్తుంది? తెలిసినవాళ్లు ఎంతసేపట్లో గుమ్మం ముందుకు రాగలరు? తేల్చుకోవలసింది ఈ రెండే.

సొంత కెమెరా తడబడేది సరిగ్గా ఇక్కడే. కదలిక కనబడగానే ఫోనుకు కబురు వస్తుంది, నిజమే. కానీ మన జిల్లాల వాళ్ల ప్రయాణాల్లో తిరుమల లేనిదెప్పుడు? దర్శనానికి వెళ్లేముందు ఫోను కౌంటర్లో అప్పగించాలి. క్యూలో గంటలు గడుస్తాయి. బయటికొచ్చి ఫోను తీసుకునేసరికి తెరిచిన బీరువా బొమ్మ మిగులుతుంది. ఫోను చేతిలోనే ఉందనుకుందాం. అర్ధరాత్రి రెండింటికి ఎవరిని లేపుతారు? పక్కింటివాళ్లూ పండక్కి ఊళ్లో లేకపోతే?

కరెంటు సంగతి మరొకటి. ఊరెళ్తూ మెయిన్ ఆపేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. దానితో కెమెరా కూడా ఆగిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి వాయుగుండాల కాలం, గాలివానకు కరెంటు పోతే వైఫై రూటరూ పోతుంది. దాన్ని ఇన్వర్టర్‌కు కలిపారో లేదో చూసుకోండి. రికార్డింగు పెట్టె హాల్లో టీవీ కింద పెడితే దొంగ దాన్నీ పట్టుకుపోతాడు. కేసు పెట్టాక సాక్ష్యంగా కెమెరా పనికొస్తుంది, కాదనను. కాపలా మాత్రం కాదు.

ఎల్‌హెచ్‌ఎంఎస్‌ తీరు వేరు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఈ సేవకు రుసుము లేదు. యాప్‌లో ఇంటి వివరాలు నమోదు చేసి, ఊరెళ్లే తేదీలు చెబితే, వాళ్లే వచ్చి కదలికను పసిగట్టే కెమెరాను ఇంట్లో అమరుస్తారు. లోపల ఎవరైనా మెదిలితే హెచ్చరిక పోలీసు కంట్రోల్ రూముకు వెళ్తుంది, అక్కడి నుంచి గస్తీ సిబ్బందికి కబురందుతుంది. మీరు క్యూలో ఉన్నా, రైల్లో నిద్రపోతున్నా ఒకటే. ఇంట్లో లేమని పోలీసులకు చెప్పుకోవడం ఎందుకని కొందరు వెనకాడుతున్నారు. గేటుకు వేలాడే తాళం కప్ప ఆ మాట వీధి మొత్తానికీ ముందే చెప్పేసింది కదా! ఒక్క జాగ్రత్త: దీపం పెట్టి రమ్మని తమ్ముడి చేతికి తాళాలిచ్చి వెళ్లకండి. ఆయన హాల్లోకి రాగానే పోలీసులు పరుగెత్తుకొస్తారు. పండుగ రోజుల్లో అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి ప్రయాణం రోజు పొద్దున కాకుండా కొన్ని రోజుల ముందే అడగండి.

ఇక మనిషి. రాత్రి ఇంట్లో పడుకునే దగ్గరి బంధువు దొరికితే అంతకు మించింది లేదు. సంక్రాంతికి ఎవరి ఊరికి వాళ్లు పోతారు కాబట్టి దొరకడమే కష్టం. అయితే మనిషి అవసరం రాత్రికన్నా పొద్దునే ఎక్కువని నా నమ్మకం. దొంగలు ముందు పగటిపూట వీధిలో తిరిగి ఇల్లు ఎంచుకుంటారు. ధనుర్మాసంలో వీధి పొడవునా కళ్లాపి, రంగుల ముగ్గులు, గొబ్బెమ్మలు. మధ్యలో ఒక్క గుమ్మం ముందు మాత్రం నాలుగు రోజుల నాటి ముగ్గు చెప్పుల కింద చెరిగి, పైన దుమ్ము పేరుకుని ఉంటుంది. గేటు సందులో రెండు పేపర్లు, పట్టపగలు వెలుగుతున్న వరండా బల్బు. ఇంకేం కావాలి వాళ్లకు? అందుకే పనికి వచ్చే ఆమెను రోజూ ఊడ్చి, ముగ్గు వేసి, సాయంత్రం లైటు వేసి, పొద్దున ఆపమనండి. స్విచ్చి బయట వరండాలో ఉంటే ఇంటి తాళం ఇవ్వనక్కర్లేదు. ఈ పనికి డబ్బు విడిగా ఇవ్వండి. పాలు, పేపరు మాన్పించండి. గేటు తాళం లోపలి వైపు వేయించండి.

నన్నడిగితే లోపల పోలీసు కెమెరా, బయట రోజూ ముగ్గు. ఈ రెండూ కుదిరాక డబ్బు మిగిలితే సొంత కెమెరా. వేళకు వెలిగి ఆరిపోయే బల్బులు ఉంటే మంచిదే, కుక్కను మాత్రం దీనికోసం తెచ్చుకోకండి.

బంగారం సంగతి వేరు, దాన్ని ఏ కాపలాకూ వదలొద్దు. బ్యాంకు లాకర్లో దొంగతనం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకేనని 2022 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అయినా ఇంటి బీరువా కన్నా అదే నయం. పండుగ సెలవులు చూసుకుని, బ్యాంకు తెరిచి ఉన్న రోజునే పెట్టేసి రండి.