క్లైంబింగ్ షూస్‌కు ఇంట్లోనే సోల్: చాన్నాళ్లు వాడాక

బెంగళూరు దగ్గరి రామనగరలో గ్రానైట్ బండలు ఎక్కడానికి వేసుకునే షూస్ ముందు బొటనవేలి కిందే అరుగుతాయి. పైభాగం మాత్రం చెక్కుచెదరదు. కొత్త జత కొనబుద్ధి కాక 4 మిల్లీమీటర్ల వైబ్రమ్ ఎక్స్‌ఎస్ ఎడ్జ్ (కాస్త గట్టి రకం సోల్ రబ్బరు) షీటు, ఫెవికాల్ ఎస్ఆర్ 998 జిగురు తెచ్చుకుని, బెంగళూరులో మా బాల్కనీలోనే ముందు సగానికి కొత్త సోల్ వేశాను. ఇప్పటికీ వాటితోనే ఎక్కుతున్నాను.

పాతది ఊడదీయడమే అసలు పని. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది, అప్పుడు పటకారుతో నిదానంగా లాగాలి. తొందరపడితే వేళ్ల చుట్టూ ఉండే పల్చటి రబ్బరు పట్టీ, అదే రాండ్, దాంతోపాటే లేచొస్తుంది. రెండు ముఖాలనూ 60 నంబరు ఎమరీ పేపరుతో గరుకుగా రుద్ది, దుమ్ము లేకుండా తుడిచి, రెండింటికీ జిగురు పల్చగా పట్టించాలి. వేలికి అంటుకోనంతగా ఆరాకే అతికించాలి. ఒకసారి తగిలిందంటే ఇక జరపలేం కాబట్టి ముక్క కొంచెం పెద్దదిగా కోసుకోవడం మేలు. పైన సుత్తితో గట్టిగా కొట్టి, మర్నాడు అంచులు చెక్కాలి. బాల్కనీ అని ఊరికే అనలేదు, ఆ వాసనకు ఇంట్లోవాళ్లు ఊరుకోరు.

చిన్న అంచుల మీద నిలబడితే భేష్. బెంగళూరు శివార్లలో మేం ఎక్కే తురహళ్లిలోని నున్నటి గుండ్రాళ్ల మీద మాత్రం పాత మెత్తటి రబ్బరు పట్టే వేరు. పాత సోల్, కొత్త సోల్ కలిసేచోట అప్పుడప్పుడు లేస్తుంది, మళ్లీ అతికిస్తాను. ఎండలో కారులో వదిలేయకండి, జిగురు వదులవుతుంది. రాండ్‌కు చిల్లు పడితే అనుభవమున్న పనివాడికి ఇవ్వడమే నయం.

ఇది చూసి మా గుంపులో అనంతపురం కుర్రాడు "అన్నా, నా హార్నెస్ కుట్టు ఊడింది, చెప్పులు కుట్టే ఆయనతో వేయించనా?" అన్నాడు. హార్నెస్ అంటే తాడు కట్టుకోడానికి నడుముకూ తొడలకూ వేసుకునే పట్టీలు. వద్దన్నాను. సోల్ ఊడితే కాలు జారుతుంది, పట్టుకోడానికి తాడుంది. హార్నెస్ కుట్టు తెగితే ఆ తాడు మనల్ని పట్టుకునే దారే లేదు. వాడకపోయినా నైలాన్ సామాన్లకు పదేళ్లే గరిష్ఠ ఆయువని క్లైంబింగ్ సామాన్లు తయారుచేసే పెట్జల్ కంపెనీ చెబుతుంది. స్లింగులదీ (ఉచ్చులా కుట్టిన పట్టీలు) అదే లెక్క. కారబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) గేటు బిగుసుకుంటే గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరబెట్టి, కాస్త లూబ్రికెంట్ వేస్తే చాలు. తాడు ఒరిసి పదునైన గాడి పడినదైతే పక్కన పడేయడమే.

షీటులో ఇంకో జతకు సరిపడా ముక్క మిగిలింది, మా తమ్ముడి షూస్‌కు వేస్తాను. నా తర్వాతి సోల్ మాత్రం వైబ్రమ్‌లోనే మెత్తటి రకం, ఎక్స్‌ఎస్ గ్రిప్ 2. తొందరగా అరిగినా సరే, తురహళ్లిలో పట్టు కావాలి.