వేలమా, గ్యాలరీనా, ఇంటి దగ్గర అమ్మకమా: ప్రకృతి చిత్రాలకు ఏది మేలు?

2025 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో ఎం.ఎఫ్. హుస్సేన్ 'గ్రామ్ యాత్ర' 1 కోటి 37 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో దాదాపు 118 కోట్లు. అదే ఏడాది సెప్టెంబరులో చిత్రకారుడు వి.ఎస్. గైతోండే బొమ్మ ఒకటి ముంబైకి చెందిన సాఫ్రనార్ట్ సంస్థ వేలంలో 67 కోట్లు దాటింది. ఇలాంటి వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా విజయవాడలో, గుంటూరులో, తెనాలిలో కొన్ని ఇళ్లల్లో బీరువా మీద కట్టలు కిందికి దిగుతాయి. నాన్నగారో తాతగారో హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి, సెలవుల్లో ఉండవల్లి కొండనీ, సీతానగరం ఒడ్డునీ, కొండవీడు బురుజులనీ నీటిరంగుల్లో వేసి పెట్టి వెళ్లిపోయారు. "వేలానికి పంపితే ఎంతొస్తుందండీ?" అన్నది ఇప్పుడు పిల్లల ప్రశ్న.

నా జవాబు ముందే చెప్పేస్తాను. మన ప్రాంతపు ప్రకృతి చిత్రకారుడి బొమ్మలకు వేలం మొదటి దారి కాదు, చివరి దారి. ముందు ఊళ్లో ప్రదర్శన పెట్టి నేరుగా అమ్మాలి. చిత్రకారుడు ఇంకా బొమ్మలు వేస్తూనే ఉంటే గ్యాలరీ సంగతి చూడాలి. వేలం లేని ధరను పుట్టించదు. బయట అప్పటికే పుట్టిన ధరను పైకి లాగుతుంది, ఒక్కోసారి కిందికి తోస్తుంది.

గుంటూరు వాళ్లకు వేలం కొత్త కాదు కాబట్టి మిర్చి యార్డు మాటే చెప్పుకుందాం. మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకొచ్చిన రైతుకు ఆ రోజు ధర నచ్చకపోతే సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగుతాడు. వచ్చే నెల మళ్లీ తెస్తే, పోయినసారి ఎందుకు అమ్మలేదని ఎవరూ అడగరు. తేజ రకం మిర్చి ఎవరి చేలో పండినా తేజ రకమే. బొమ్మ అలా కాదు. వేసినవాడి పేరే దాని రకం. పైగా వేలంలో ఎవరూ పాడక తిరిగొచ్చిన బొమ్మకు ఆ మచ్చ చాలాకాలం ఉంటుంది. పెద్ద సంస్థల వేలం ఫలితాలు నెట్‌లోనే ఉంటాయి. రేపు ఇంటికి కొనడానికి వచ్చినవాడు సోఫాలో కూర్చునే ఫోన్లో చూసుకుంటాడు. అది చూశాక మీరు చెప్పే ధర ఒకటి, వాడు వినే ధర ఇంకొకటి.

ఇక వేలం నడిచే తీరు. బొమ్మకు సంస్థవాళ్లు ఒక అంచనా వేస్తారు, ఇంత నుంచి ఇంత అని. దాని కింద బయటికి చెప్పని రిజర్వ్ ధర ఒకటి ఉంటుంది. పాట అక్కడిదాకా రాకపోతే బొమ్మ అమ్ముడుపోనట్టే. లక్ష రూపాయల దగ్గర పాట ఆగిందనుకుందాం. కొన్నవాడు దాని మీద సంస్థకు అదనపు రుసుము, అంటే బయ్యర్స్ ప్రీమియం, ఇరవై శాతం కట్టాడంటే లక్షా ఇరవై వేలు, ఆపైన జీఎస్టీ. మీ వైపు కమీషన్ పది శాతం అనుకుంటే తొంభై వేలు మిగిలాయి. అందులోంచి ఫ్రేము, ఫొటోలు, బీమా, రవాణా పోవాలి. పేపర్లో పడే అంకె చాలాసార్లు కొన్నవాడు ప్రీమియంతో కలిపి కట్టింది. అమ్మినవాడి చేతికి వచ్చింది ఎవరూ రాయరు.

అయినా కమీషన్ ఒక్కటే చూస్తే వేలమే నయం అనిపిస్తుంది. గ్యాలరీలు నలభై శాతం నుంచి సగం దాకా తీసుకోవడం మామూలు. లక్ష బొమ్మకు యాభై, అరవై వేలే చేతికొస్తాయి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. వేలంలో లక్ష రావాలంటే ఆ బొమ్మ కావాలనుకునే వాళ్లు ఇద్దరుండాలి, ఒకే రోజున ఉండాలి. ఒక్కడే ఉంటే పాట రిజర్వ్ దగ్గరే ఆగుతుంది. ఎవరూ లేకపోతే సరేసరి. తెనాలి డ్రాయింగ్ మాస్టారి బొమ్మ కోసం ముంబైలో పోటీపడే ఇద్దరు ఎక్కడున్నారు?

ప్రకృతి చిత్రాలకు వేలంలో గిరాకీ లేదని కాదు. ఎస్.హెచ్. రజా 1940లలో వేసిన తొలినాటి నీటిరంగులకు ఉంది. రామ్ కుమార్ కాశీ బొమ్మలకు ఉంది. గోపాల్ ఘోష్, అరచేతిలో పట్టేంత కాగితం మీద హిమాలయాలు వేసిన బీరేశ్వర్ సేన్ కూడా వేలం కేటలాగుల్లో కనిపిస్తూనే ఉంటారు. అయితే వీళ్ల వెనక ఏళ్ల తరబడి ప్రదర్శనలున్నాయి, పుస్తకాలున్నాయి, మ్యూజియం గోడలున్నాయి. తెలుగువాళ్లలో వేలంపాటల్లో తరచూ కనిపించే పేర్లు వైకుంఠం, లక్ష్మాగౌడ్. వాళ్ల బొమ్మల్లో ఎక్కువగా ఉండేది మనుషులు, కొండలూ కాలవలూ కాదు.

ఒకే చిత్రకారుడికి ఒక్కో చోట ఒక్కో ధర పలకడం కూడా ఉంది. నికొలస్ రోరిక్ హిమాలయాల చిత్రకారుడు, కులూ లోయలో స్థిరపడిన రష్యావాడు. 2013లో లండన్ బోన్‌హామ్స్ వేలంలో ఆయన బొమ్మ ఒకటి 78 లక్షల పౌండ్లు దాటింది. మన దేశంలో ఉన్న రోరిక్ బొమ్మలు మాత్రం 1972 నాటి చట్టం కింద జాతీయ కళాసంపద. ఇక్కడ అమ్ముకోవచ్చు, దేశం దాటించకూడదు. పాడగలిగేవాళ్లు తగ్గితే ధర ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోరిక్ కుటుంబంతో కులూలో గడిపి వచ్చిన తుమ్మపూడి రచయిత సంజీవదేవ్ కూడా ప్రకృతి చిత్రాలు వేశారు. తెలుగు చదువరులకు అంత పెద్ద పేరైనా, వేలం కేటలాగుల్లో రోరిక్‌కి ఉన్న చోటు ఆయనకు లేదు.

గ్యాలరీ గురించి రెండు ముక్కలు చాలు. సగం తీసుకున్నా, ధరల పట్టీ కాపాడుతూ, ఏటా ప్రదర్శన పెడుతూ, కేటలాగు వేస్తూ ఉంటే ఆ సగం వృథా కాదు. నలభై ఏళ్ల చిత్రకారుడికి అదే మేలు. కానీ మన విజయవాడ, గుంటూరుల్లో అమ్మకమే పనిగా పెట్టుకున్న గ్యాలరీలు తక్కువ. హాలు అద్దెకు దొరుకుతుంది, కొనేవాణ్ని మనమే తెచ్చుకోవాలి. హైదరాబాదు గ్యాలరీ ఒప్పుకుంటే మంచిదే, ఎన్నాళ్లకు ఒప్పందం, అమ్ముడుపోనివి ఎప్పుడు తిరిగిస్తారు అన్నది కాగితం మీద ఉండాలి. చిత్రకారుడు పోయి, ఉన్నవి ముప్పై బొమ్మలే అయితే గ్యాలరీకీ పెద్ద ఆసక్తి ఉండదు. కొత్త సరుకు రాదు కదా.

నేరుగా అమ్మడంలో ఉన్న బలం ప్రకృతి చిత్రానికి తప్ప ఇంకే బొమ్మకూ ఉండదు. కొనేవాడికి ఆ చోటు తెలుసు. ప్రకాశం బ్యారేజీ పూర్తయింది 1957లో. అంతకుముందు అక్కడున్నది 1855 నాటి ఆనకట్ట, 1952లో దానికి గండి పడింది. మీ తాతగారి బొమ్మలో ఆ పాత ఆనకట్ట ఉండి, వెనక తారీఖు ఉంటే అది బొమ్మా, ఊరి చరిత్రకు ఆధారమూ. ఈ సంగతికి ముంబై వేలంలో పైసా విలువ కట్టరు. సూర్యారావుపేటలో కొత్త ఆసుపత్రి కడుతున్న డాక్టరుగారు కడతారు. డాలస్‌లో ఇల్లు కట్టుకున్న సీతానగరం కుర్రాడు ఇంకా ఎక్కువ కడతాడు, ఫొటో చూసి "మా రేవు ఇదే" అంటాడు, బేరం కూడా సరిగా ఆడడు. రాజధాని పనులతో ఒడ్డు రూపురేఖలు మారిపోతున్న కొద్దీ పాత ఒడ్డు బొమ్మకు గిరాకీ పెరుగుతుందే గాని తగ్గదని నా నమ్మకం.

అందుకే అమ్మకం కంటే ముందు చేయాల్సిన పని జాబితా. ప్రతి బొమ్మకూ ఒక నంబరు, కొలతలు, ఏ చోటు, ఏ ఏడు, సంతకం ఎక్కడుంది, ఫొటో. చోటు గుర్తుపట్టగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. బొమ్మ వెనక పెన్నుతో మాత్రం రాయొద్దు, మెత్తని పెన్సిలు వాడండి. పాత ఫ్రేముల్లో వెనక పెట్టిన హార్డ్‌బోర్డు కాగితాన్ని గోధుమ రంగులోకి తిప్పేస్తుంది, ముందు అది తీయించండి. వెండి పురుగులు, చెమ్మ సంగతి మనవాళ్లకు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్ ఇళ్లల్లోకి వచ్చాక కింది అరలో కాగితం పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? బొమ్మల మాట ఎత్తితే ఈ కబుర్లలోకి జారిపోతుంటాను, క్షమించాలి.

నేరుగా అమ్మడంలో ఉన్న ఒకే ఒక్క బెడద చుట్టాలు. "మనవాళ్లమే కదా" అని ఒకరు సగానికి అడుగుతారు, ఇంకొకరు గృహప్రవేశానికి కానుకగా ఇమ్మంటారు. దీనికి మందు ధరల పట్టీ. సైజును బట్టి ధర రాసి గోడకు అంటించాలి, అందరికీ అదే. బావగారికి ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇచ్చేయండి గాని తగ్గించి అమ్మకండి. ఉచితంగా ఇచ్చింది ధరను చెడగొట్టదు, సగానికి అమ్మింది చెడగొడుతుంది. రసీదు తప్పకుండా ఇవ్వాలి. బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైట్ పోదనీ, చిత్రకారుడు పోయాక 60 ఏళ్లదాకా అది వారసులదేననీ అందులో ఒక వాక్యం రాస్తే, రేపు హోటలువాళ్లు అదే బొమ్మను క్యాలెండర్ల మీద అచ్చు వేసేముందు మిమ్మల్ని అడుగుతారు.

పన్నుల మాట క్లుప్తంగా. పెయింటింగుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 అయింది, కొనేవాడికి ఊరట. ఇంట్లో సామాను అమ్ముకున్నట్టు పెయింటింగ్ అమ్మితే కుదరదు, లాభం మీద మూలధన లాభాల పన్ను ఉంది. పది వేలు దాటిన తిరుగు అమ్మకంలో చిత్రకారుడికో వారసులకో వాటా రావాలని కాపీరైట్ చట్టం 53ఎ సెక్షన్ చెబుతుంది. ఆ వాటా పది శాతం దాటకూడదు. కాగితం మీద బాగుంది, దాన్ని నమ్ముకుని మాత్రం లెక్కలు వేసుకోకండి.

ఇంతా చెప్పి, వేలానికి ఎప్పుడు పంపాలి? మీ ప్రమేయం లేకుండా ఆ చిత్రకారుడి బొమ్మ ఒకరి నుంచి ఇంకొకరికి మంచి ధరకు చేతులు మారడం మొదలయ్యాక. అప్పుడైనా కట్ట మొత్తం పంపొద్దు, ఒకటో రెండో చాలు, అవీ మంచివే. ఒకే రోజు పది బొమ్మలు పెడితే ఒకదాని గిరాకీ ఇంకొకటి తినేస్తుంది. రిజర్వ్ లేని వేలానికి ఒప్పుకోవద్దు. సంతకం పెట్టేముందు రెండు సంగతులు అడిగి రాయించుకోండి: కొన్నవాడు డబ్బు కట్టకపోతే ఏం చేస్తారు, అమ్ముడుపోకపోతే ముంబై నుంచి బొమ్మను వెనక్కి పంపే ఖర్చు ఎవరిది.