అబిడ్స్ ఫుట్‌పాత్ మీద నూట ఇరవైకి దొరికిన పోప్

ఆదివారం అబిడ్స్‌లో మూసేసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఎల్‌ఎల్‌బీ పిల్లల కోసం ఎప్పుడో వేసిన ఇంగ్లండ్ రాజ్యాంగ చరిత్ర గైడు ఒకటి కొన్నాను. రెండొందలు చెప్పాడు. "అన్నా, అట్ట ఊడి చేతికొస్తోంది చూడు" అంటే నూట ఇరవైకి ఇచ్చాడు.

పోప్ మీద ఉన్న అధ్యాయం ఒక్కదానికే డబ్బులు వసూలు. పోప్‌ని కాదన్న ప్రొటెస్టెంట్ క్రైస్తవుల గొడవంతా దేవుడి గురించే అనుకునేవాణ్ణి, కానీ వాళ్ల చట్టాల్లో పోప్ మతగురువులా కాదు, మన గడపలో కాలు పెట్టిన పరాయి రాజులా కనిపిస్తాడు. 1533లోనే అప్పీళ్లు రోమ్‌కి పోకూడదని చట్టం చేసుకున్నారు (ఆ ఇంగ్లీషువాళ్లే మన అప్పీళ్లని 1949 దాకా లండన్ ప్రివీ కౌన్సిల్‌కి రప్పించుకున్నారు, ఎవరికి చెప్పుకుంటాం). 1570లో పోప్ ఐదో పయస్ మొదటి ఎలిజబెత్ రాణిని వెలివేసి, ప్రజలు ఆమె మాట వినక్కర్లేదని ప్రకటించాడు. ఆ ఒక్క కాగితం టెన్షన్ ఎంతకాలం పోలేదంటే, పోప్ వెలివేసిన రాజుని జనం దించెయ్యొచ్చు, చంపెయ్యొచ్చు అనే వాదం తనకి అసహ్యమని ప్రమాణం చేసేవాడు చెప్పాలని 1689 బిల్ ఆఫ్ రైట్స్ అనే హక్కుల చట్టంలో కూడా పెట్టారు. ఇక ఇంగ్లీషు తత్వవేత్త హాబ్స్ అయితే 1651లో, చచ్చిన రోమన్ సామ్రాజ్యం దెయ్యమై కిరీటంతో తన సమాధి మీదే కూర్చుంది, పోప్ పదవంటే అదే అన్నాడు. అది చదువుతుంటే ఇరానీ చాయ్ చల్లారిపోయింది.

నచ్చనిది, గైడు ఆ ప్రొటెస్టెంట్ గొంతునే యథాతథంగా దించేసింది. ప్రొటెస్టెంట్ చర్చికి రాని, పోప్‌ని నమ్మే కాథలిక్కులకి 1581 నుంచి నెలకి 20 పౌండ్ల జరిమానా ఉండేది, అంత పెద్ద సంగతికి అర లైను ఇచ్చారు. పాత ముద్రణ కాబట్టి బ్రిటన్ 2013 చట్టం ఎలాగూ ఉండదు: దాంతో కాథలిక్కుని పెళ్లాడినా సింహాసనం దక్కుతుంది, తనే కాథలిక్ అయితే మాత్రం ఇప్పటికీ దక్కదు.

అసలు దెబ్బ ఇంకోటి. కాథలిక్కుల్ని పార్లమెంటులోకి రానిచ్చిన 1829 చట్టం ఉండాల్సిన చోట ఎనిమిది పేజీలు లేవు, 1701 నుంచి ఒక్క గెంతులో 1832 వచ్చేస్తుంది. నా కాపీలో పాపం వాళ్లు ఇంకా బయటే నిలబడి ఉన్నారు. మరుసటి ఆదివారం వెళ్లి అడిగితే "పాత పుస్తకం కదా భయ్యా, ఉన్నంతవరకు చదువుకో" అన్నాడు. డబ్బులు ఇవ్వలేదు. పుస్తకానికి నాలుగు స్టార్లు, అమ్మినాయనకి రెండు.