ఇంటి డేకేర్‌లో మూడేళ్లు: బట్టల క్లిప్పులు, వర్క్‌షీట్లు

మా పాపను 11 నెలల వయసు నుంచి నాలుగేళ్లు నిండేదాకా ఒకావిడ తన ఇంట్లోనే నడిపే డేకేర్‌కు పంపాము. అన్నేళ్లూ పాపను చూసుకున్నది ఒకే మనిషి కావడమే మాకు దక్కిన అదృష్టం. మాటలు రాని వయసులో పాప నిద్ర కోసం ఏడుస్తోందో, నొప్పితో ఏడుస్తోందో ఆవిడకు గొంతును బట్టే తెలిసిపోయేది. ఒక సాయంత్రం “ఎడమ చెవి పదే పదే రుద్దుకుంటోందమ్మా, డాక్టరుకు చూపించండి” అన్నారు. చూపిస్తే చెవిలో ఇన్ఫెక్షన్ అప్పుడే మొదలైందని తేలింది.

అక్కడ పలకా బలపమూ ఉండేవి కావు. కిటికీ నుంచి తలుపు దాకా తక్కువ ఎత్తులో కట్టిన తాడు మీద పిల్లలు చేతి రుమాళ్లు ఆరవేసి క్లిప్పులు పెట్టేవారు. బొటనవేలితో, చూపుడువేలితో క్లిప్పు నొక్కడానికి మా పాపకు చాలా రోజులు పట్టింది, నేర్పింది ఐదేళ్ల పిల్లవాడు. రేపు పెన్సిల్ పట్టుకోవలసింది కూడా ఆ వేళ్లే. వయసుల వారీగా విడదీయకపోవడం లోపమని కొందరు తల్లిదండ్రులు అనేవారు. కానీ ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో ప్రారంభించిన బడికి ‘పిల్లల ఇల్లు’ అనే పేరు పెట్టారు, అక్కడా వేర్వేరు వయసుల పిల్లలు కలిసే ఉండేవారు.

రెండో ఏడాది చివర ఒకే నెలలో ముగ్గురు పిల్లలు ప్రీస్కూల్‌కు మారిపోయారు. “ఇక్కడ ఏం నేర్పుతున్నారు?” అని వారి తల్లిదండ్రులు అడిగిన ప్రశ్న ఆవిడను బాగా కలవరపెట్టింది. మరుసటి వారానికి గోడ మీద టైంటేబుల్ వెలిసింది, తాడూ క్లిప్పులూ అటకెక్కాయి, రోజుకు రెండు వర్క్‌షీట్లు మొదలయ్యాయి. అప్పటికి మూడేళ్లు కూడా నిండని మా పాప చుక్కల మీద గీత కుదరక పెన్సిల్ పక్కన పెట్టి, “నాకు రాదు” అంది. ఆ మాట పాప నోట వినడం అదే మొదటిసారి. పిల్లల ముఖాలు చూస్తూ ఉండే మనిషి కాగితాలు చూసుకోవడంలో మునిగిపోయారు. ఈ విషయం అడిగితే, “మీరు కూడా మానిపిస్తారేమోనని భయపడ్డానమ్మా” అన్నారు. అక్షరాలు ఎప్పుడు మొదలుపెడతారని అంతకు నెల ముందు నేను కూడా అడిగాను, అది గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మాకు వర్క్‌షీట్లు అక్కర్లేదని రాసి ఇచ్చాము. మరో ఇద్దరు తల్లులు కూడా అదే మాట చెప్పాక తాడు మళ్లీ కిందికి దిగింది.

ఒకే మనిషి ఉండటం అదృష్టమన్నాను గానీ, ఆవిడకు జ్వరం వచ్చినప్పుడు తొమ్మిది రోజులు డేకేర్ మూసే ఉంది. మా ఇద్దరిలో ఒకరం ఇంటి నుంచే పనిచేస్తాము కాబట్టి నెట్టుకొచ్చాము. షిఫ్టుల్లో పనిచేసేవారు ఆ స్థితిలో ఒక టీచరు రాకపోతే మరొకరు ఉండే ప్రీస్కూల్‌ను ఎంచుకుంటే తప్పు పట్టలేను. పైగా నాలుగో ఏడు వచ్చేసరికి అక్కడ పాప ఈడు పిల్లలెవరూ మిగల్లేదు. అందుకే ఇప్పుడు మేమూ ప్రీస్కూల్‌లో చేర్చాము. ఆరు నెలల బాబును మాత్రం ఆవిడ దగ్గరికే పంపాలనుకుంటున్నాము, అయితే ఆవిడ సెలవు పెట్టిన రోజుల్లో వాణ్ణి చూసుకొనే మనిషిని ముందే కుదుర్చుకున్నాకే.